పట్టా ఉంది సరే, అలుగు ఎటు?

హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొనాలనుకోని ప్రవాస తెలుగు కుటుంబం అరుదు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కూర్చుని వాట్సాప్ వీడియోలో స్థలం చూస్తాం. లింకు డాక్యుమెంట్లు లాయరుకు పంపుతాం, ఈసీ తీయిస్తాం, అన్నీ బాగున్నాయంటే అడ్వాన్సు కొట్టేస్తాం. ఇంత తనిఖీలోనూ తేలేది ఆ భూమి ఎవరిదన్న సంగతి ఒక్కటే. అందులో ఇల్లు కట్టనిస్తారా, కడితే వానకు నిలుస్తుందా అన్నది లింకు డాక్యుమెంట్లలో దొరకదు.

శిఖం భూములే చూడండి. చెరువు నిండితే మునిగి, నీరు తీశాక తేలే నేల అది. తెలంగాణలో చాలాచోట్ల ఇందులో కొంత ప్రైవేటు పట్టాలో ఉంది. పహాణీలో రైతు పేరుంటుంది, నీరు లేనప్పుడు సాగు చేసుకోవచ్చు. ఇల్లు మాత్రం కట్టకూడదు. లాయరు 'టైటిల్ క్లియర్' అని రాసిస్తే ఆయన అబద్ధం చెప్పినట్టు కాదు, ఆయన్ని మనం అడిగింది అంతవరకే.

చెరువు నిండి అలుగు పారబోయే వేళ నీరు ఎంతమేర నిలుస్తుందో అదే ఎఫ్‌టీఎల్. మిగులు నీరు పొర్లిపోయే అలుగు ఎంత ఎత్తున ఉంటే ఆ మట్టం అంత. మన చెరువులు లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. అందుకే కట్ట దగ్గర నిలబడితే కనిపించని గీత, ఎదుటి వైపు చేలల్లోకి చాలా దూరం పోతుంది. ఏప్రిల్‌లో నీరు కట్ట మొదటికి చేరాక అక్కడ మిగిలేది పగుళ్లిచ్చిన నేల, దానిమీద కొత్తగా పోసిన ఎర్రమట్టి రోడ్డు, సున్నం పూసిన హద్దురాళ్లు. మనకొచ్చే వీడియోలు ఆ నెలల్లో తీసినవే.

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి మరో 30 మీటర్లు బఫర్‌గా వదలాలి. అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగుగానీ నాలాగానీ 10 మీటర్లకు మించి వెడల్పుంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు. కాగితం మీద ఇవి చిన్న అంకెలు. 200 గజాల ప్లాటు తీసుకుని లెక్కేయండి: 30 అడుగులు, 60 అడుగులు. పెద్ద నాలా 60 అడుగుల వైపున ఆనుకుని పోతుంటే వదలాల్సిన 9 మీటర్లు ఇరవై తొమ్మిదిన్నర అడుగులు. మనకు మిగిలేది అరడుగు. గజం ధర మాత్రం 200 గజాలకూ కట్టి ఉంటాం.

నాలా పక్కన ఇంత జాగా ఎందుకని అడిగేవాళ్లకు 2020 అక్టోబరు జవాబు చెప్పింది. 13వ తేదీన ఘట్‌కేసర్ మండలంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఇక్కడి చెరువులు గొలుసుకట్టువి: పై చెరువు అలుగు నీరు వాగులో పడి కింది చెరువుకు చేరాలి. మధ్యలో వాగును పూడ్చి కాలనీ వేస్తే ఆ నీరు ఆ వీధుల్లోంచే పోతుంది. ఆ వారంలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచిన బుడమేరుదీ ఇదే కథ.

హైదరాబాద్‌కు ఇది తెలియని పాఠం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వేలమందిని పొట్టనపెట్టుకున్నాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీటిని నగరానికి ఎగువనే ఆపాలన్నది ఆయన సలహా. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. వాటిలోకి నీరొచ్చే నేలను కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలకు ఆంక్షలు పెట్టారు. 2022లో జీవో 69తో సడలించారు. '111 పోయింది' అని బ్రోచర్లో ఉందని మురిసిపోకండి, ఎఫ్‌టీఎల్, బఫర్ నిబంధనలు వేరే, అవి పోలేదు.

భద్రత అంటే నీరొక్కటే కాదు. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1961లో ఊరికి దూరంగా పెట్టినదే, నగరం పెరుగుతూ దాని గోడదాకా వచ్చింది. ప్లాటు చుట్టూ ఏమేం ఉన్నాయో కూడా చూడాలి.

చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఇళ్లు కూల్చినప్పుడు, మా దగ్గర అనుమతి పత్రాలున్నాయని మొత్తుకున్నవాళ్లున్నారు. కూల్చివేతల తీరును హైకోర్టు తప్పుపట్టింది. చెరువును కాపాడటం న్యాయమే. కానీ చెరువులో ఇంటికి అనుమతి ఇచ్చిన చేతికి ఏ శిక్షా లేకుండా, ఈఎంఐ కట్టేవాడి ఇల్లు మాత్రమే కూలితే అది సగం న్యాయం.

గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లకు దూరంగా ఉండండి. లేఅవుట్ అనుమతి ఉండదు గనుక రోడ్డు, మురుగు కాలువ, ఖాళీ స్థలం దేనికీ హామీ లేదు. పైగా అవి వ్యవసాయ భూములే; ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు ఫెమా ప్రకారం వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే తప్పులేదు. పంచాయతీ లేఅవుట్ అని ఎవరైనా అంటే హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి నంబరు అడగండి. తర్వాత లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకమైన ఎల్‌ఆర్‌ఎస్‌లో సరిచేసుకోవచ్చన్న మాట నమ్మవద్దు. 2020 పథకం ఎఫ్‌టీఎల్‌లోని ప్లాట్లను బయటే ఉంచింది.

లేఅవుట్ ప్లాన్, అనుమతులు రెరా సైట్‌లో చూడొచ్చు. చెరువు మ్యాపులు హెచ్‌ఎండీఏ సైట్‌లో ఉన్నాయి. మీ సర్వే నంబరు ఆ గీతకు ఏ వైపుందో సర్వేయర్‌తో చూపించుకోండి. అడ్వాన్సు పంపే ముందు తమ్ముడినో బావమరిదినో ఒకసారి ఆగస్టులో, గట్టి వాన పడ్డ మర్నాడు, ఆ ప్లాటు దగ్గరికి పంపండి. పక్క ఊరి రైతును 'అలుగు పారితే నీళ్లు ఎటు పోతాయి?' అని అడిగి రమ్మనండి.