రంగు మాత్ర ఓడింది, వీడియోలు గెలిచాయి

బొల్లారం అంటే రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొల్లారం కాదు, సంగారెడ్డి జిల్లాలోని మందుల ఫ్యాక్టరీల బొల్లారం. ఇక్కడ మలంలో రక్తం కనబడితే ఎవరికైనా ముందు తోచేది మొలలే. మందుల షాపులో ఓ గొట్టం మలాం, నాలుగు మాత్రలు కొనుక్కుని షిఫ్టుకు వెళ్లిపోతారు. చాలామంది విషయంలో అవి మొలలే అవుతాయి కూడా. కాని వాళ్లలో ఒకరిద్దరికి అది పెద్దపేగు క్యాన్సర్ కావచ్చు. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అయినా ఈ క్యాన్సర్‌ను ఆ గాలికీ నీటికీ ముడిపెట్టి నేను రాయను. వయసు, వంశం, పొగ, మద్యం, ఊబకాయం, ప్రాసెస్ చేసిన మాంసం, ఇవీ రుజువైన కారణాలు.

అది మొలలో క్యాన్సరో తేల్చుకోవాలంటే, ఔటర్ రింగు రోడ్డెక్కితే గచ్చిబౌలి దూరమేమీ కాదు. 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి నెలకొల్పిన ఏఐజీ ఆసుపత్రి అక్కడుంది. ఎండోస్కోపీలో దేశదేశాల డాక్టర్లకు తెలిసిన పేరది. పేగు లోపలికి చూడటంలో ఇప్పుడు వచ్చిన కొత్త సాయం కృత్రిమ మేధ. దాని కథకు మూలం పెద్దపేగు లోపల చూసే గొట్టం, అంటే కొలనోస్కోప్‌లోనే ఉంది.

1957లో బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలో గాజు పోగుల గొట్టంతో జీర్ణాశయంలోకి చూశాడు. 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అలాంటి గొట్టాన్ని పెద్దపేగు పొడవునా నడిపించారు. షిన్యా దాని లోంచి ఓ తీగ ఉచ్చు పంపి, పేగు గోడ మీద పుట్టగొడుగులా కాడతో మొలిచే పాలిప్ అనే చిన్న గడ్డను పొట్ట కోయకుండానే తెంచి తీశాడు. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ పాలిప్‌ల నుంచే, ఏళ్ల తరబడి ముదిరి వస్తాయి. అందుకే వాటిని తీసేయడమంటే రాబోయే జబ్బును ముందే తుంచేయడం.

ఆ గొట్టంలో బొమ్మ ఒక్క డాక్టరు కంటికే కనబడేది. 1983లో వెల్చ్ అలిన్ కంపెనీ గొట్టం కొసన కెమెరా చిప్ అమర్చింది. బొమ్మ తెర మీదికొచ్చింది, అంకెలుగా మారింది. నన్నడిగితే నేటి యంత్రం అసలు పుట్టుక అదే. అంకెలు లేకపోతే కంప్యూటర్‌కు నేర్పడానికి ఏముంటుంది?

నేర్పిన తీరు విచిత్రం, బొల్లారం కెమిస్టులకైతే మరీ ఆసక్తిగా ఉంటుంది. కాస్మో అనే ఔషధ కంపెనీ పేగు గోడకు నీలి రంగు పట్టించే ఒక మిథిలీన్ బ్లూ మాత్ర తయారుచేసింది. రంగు పడితే పాలిప్ తేలిగ్గా కనబడుతుందని ఆశ. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మాత్రను ఆమోదించలేదు. కాని పరీక్షల్లో తీసిన కొలనోస్కోపీ వీడియోలు మిగిలాయి. 840 మంది రోగులు, 2,684 పాలిప్‌లు, ప్రతిదానికీ ల్యాబు నిర్ధారణ. ఆ వీడియోలే కంప్యూటర్‌కు పాఠాలయ్యాయి. అలా తయారైన జీఐ జీనియస్ అనే పెట్టెకు 2021 ఏప్రిల్‌లో అదే ఎఫ్‌డీఏ అనుమతినిచ్చింది. అమ్మేది మెడ్‌ట్రానిక్. ఆ కంపెనీకి మన నానక్‌రామ్‌గూడలో పెద్ద పరిశోధన కేంద్రం ఉంది.

పెట్టె చేసే పని ఇంతే: కెమెరా పంపే ప్రతి ఫ్రేమునూ చూసి, అనుమానం కలిగిన చోట తెర మీద ఆకుపచ్చ చదరం గీస్తుంది. అది పాలిపో, మల శేషమో, నీటి బుడగో తేల్చేది డాక్టరే. ఇటలీలో 685 మందిపై జరిపిన ప్రయోగంలో అడినోమా (క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్) దొరికినవాళ్లు మామూలుగా 40.4 శాతం, పెట్టె తోడుంటే 54.8 శాతం. ఒకే రోగిని వెంటవెంటనే రెండుసార్లు చూసిన మరో అధ్యయనంలో, మొదటిసారి చూపు తప్పిన అడినోమాలు పెట్టె సాయంతో 32.4 శాతం నుంచి 15.5కు తగ్గాయి.

అయితే అదనంగా దొరికేవాటిలో ఎక్కువ చిన్నవి, అయిదు మిల్లీమీటర్ల లోపువి. వాటిలో చాలా భాగం ఎప్పటికీ హాని చేయవు. అందుకే 2025లో బీఎంజే వైద్య పత్రిక నిపుణుల బృందం ఇలాంటి పెట్టెలను అందరికీ మామూలుగా వాడటానికి మొగ్గు చూపలేదు. అదే ఏడాది పోలండ్ నుంచి వచ్చిన లెక్క ఇంకా కలవరపెట్టింది. ఇలాంటి కృత్రిమ మేధ సాయానికి అలవాటు పడ్డ డాక్టర్లు అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాల గుర్తింపు 28.4 శాతం నుంచి 22.4కు పడిపోయింది.

పైగా తెర మీదికి రానిదాన్ని పెట్టె చూడలేదు. పేగు శుభ్రంగా లేకపోయినా, గొట్టాన్ని హడావిడిగా వెనక్కి లాగినా (కనీసం ఆరు నిమిషాలు పట్టాలన్నది పాత నియమం) ఆకుపచ్చ చదరం ఏమీ చేయలేదు. పేగు శుభ్రం చేసుకోవడమంటే ముందు రోజు పలచటి తిండి, లీటర్ల కొద్దీ విరేచనాల మందు నీళ్లు. కాంట్రాక్టు కార్మికుడికి కనీసం రెండు రోజుల కూలి పోతుంది.

అమెరికాలో 45 ఏళ్లు నిండినప్పటి నుంచే ఈ క్యాన్సర్‌కు పరీక్ష చేయించుకోవాలంటారు. మనకు ఈ క్యాన్సర్ అక్కడికంటే చాలా తక్కువ. అందరికీ కొలనోస్కోపీ పెట్టడం అర్థం లేని ఖర్చు. మన జాతీయ కార్యక్రమం కింద ప్రాథమిక కేంద్రాల్లో చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లనే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. మలంలో రక్తాన్ని వెతికే ఫిట్ అనే పరీక్షకు మాత్రం పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఇంట్లోనే కాస్త మలం తీసి గొట్టంలో వేసి ఇస్తే, కంటికి కనబడని మనిషి రక్తాన్ని యాంటీబాడీలతో పట్టేస్తుంది. పథ్యం లేదు, సెలవు అక్కర్లేదు. అందులో రక్తం తేలినవాళ్లనే గచ్చిబౌలికో, నిమ్స్‌కో పంపితే చాలు. బొల్లారం కార్మికుడి జీతంలో ఈఎస్‌ఐ కోసం నెలనెలా 0.75 శాతం కోత పడుతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. ఆకుపచ్చ చదరం కంటే ముందు, ఈఎస్‌ఐ డిస్పెన్సరీ బల్ల మీద ఆ చిన్న గొట్టాలు ఉండాలని నా వాదన.