డోపింగ్ – నిబంధనలు, నియంత్రణ

1988 సెప్టెంబరు 24వ తేదీన సియోల్ ఒలింపిక్ క్రీడోత్సవాలలో పురుషుల వంద మీటర్ల పరుగు పందెం జరిగింది. కెనడా క్రీడాకారుడు బెన్ జాన్సన్ 9.79 సెకన్లలో గమ్యం చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ కీర్తి మూడు రోజులే నిలిచింది. అతని మూత్రంలో స్టానొజొలాల్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. నిర్వాహకులు స్వర్ణపతకాన్ని వెనుకకు తీసుకొని, ద్వితీయ స్థానంలో నిలిచిన కార్ల్ లూయిస్‌కు ప్రదానం చేశారు.

నిషిద్ధ పదార్థాలను గాని, పద్ధతులను గాని ఉపయోగించి శారీరక సామర్థ్యాన్ని పెంచుకోవడాన్ని డోపింగ్ అంటారు. స్టెరాయిడ్లు కండరాలను పెంచుతాయి. ఉత్ప్రేరకాలు అలసటను మరుగుపరుస్తాయి. అలసట శరీరం చేసే హెచ్చరిక. దానిని అణచివేస్తే ప్రాణానికే ముప్పు. 1967లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో బ్రిటన్ క్రీడాకారుడు టామ్ సింప్సన్ మండుటెండలో కొండ ఎక్కుతూ కుప్పకూలి మరణించాడు. అతడు యాంఫెటమిన్ అనే ఉత్ప్రేరకాన్ని తీసుకున్నట్లు తర్వాత వెల్లడైంది. మరుసటి సంవత్సరం నుండి ఒలింపిక్ క్రీడలలో డోప్ పరీక్షలు ప్రారంభమయ్యాయి.

అయితే చాలాకాలం ఒక్కొక్క క్రీడకు ఒక్కొక్క నియమం ఉండేది. ఈ లోపాన్ని సవరించడానికి 1999లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ ఏర్పడింది. అది రూపొందించిన నియమావళి 2004లో అమలులోకి వచ్చింది. నిషిద్ధ పదార్థాల పట్టికను ఆ సంస్థ ఏటా సవరిస్తుంది. మన దేశంలో ఈ బాధ్యతను ‘నాడా’ నిర్వహిస్తున్నది. 2022లో పార్లమెంటు ఇందుకు ప్రత్యేక చట్టం చేసింది.

పరీక్షా విధానం పకడ్బందీగా ఉంటుంది. క్రీడాకారుడు అధికారి సమక్షంలో మూత్ర నమూనా ఇవ్వాలి. దానిని ‘ఎ’, ‘బి’ అనే రెండు సీసాలలో నింపి ముద్ర వేస్తారు. సీసాలపై పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. ‘ఎ’ నమూనాలో దోషం కనిపిస్తే ‘బి’ నమూనాను పరీక్షించమని కోరే హక్కు క్రీడాకారునికి ఉంటుంది. పోటీలు లేని రోజులలోనూ ముందుగా తెలుపకుండా పరీక్షలు జరుపుతారు. అందుకే అగ్రశ్రేణి క్రీడాకారులు తాము ప్రతిదినం ఎక్కడ ఉండేదీ ముందే తెలియజేయాలి.

ఈ నియమాలలో కఠినమైనది ఒకటుంది. శరీరంలో చేరిన ప్రతి పదార్థానికీ క్రీడాకారుడే బాధ్యుడు. 2000 సంవత్సరంలో సిడ్నీలో రుమేనియాకు చెందిన పదహారేళ్ళ జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ వ్యక్తిగత ఆల్‌రౌండ్ విభాగంలో స్వర్ణం గెలిచింది. జలుబుకు జట్టు వైద్యుడు ఇచ్చిన మాత్రలలో అప్పట్లో నిషిద్ధమైన సూడోఎఫెడ్రిన్ ఉండటంతో ఆ పతకాన్ని కోల్పోయింది. అప్పీలు చేసినా ఫలితం దక్కలేదు. ఆ బాలిక చేసిన నేరమేమిటని ఎవరికైనా అనిపించక మానదు. కాని ‘నాకు తెలియదు’ అన్న మాటకు మినహాయింపు ఇస్తే ప్రతి దోషీ ఆ మాటే చెబుతాడు. నిజాయితీగా ఆడి ఓడినవారికి న్యాయం దక్కదు. నిజంగా ఔషధం అవసరమైన రోగికి ముందుగా అనుమతి పొందే మార్గం ఉన్నది.

కనుక చిన్న మాత్ర అయినా సరే, వైద్యుని సంప్రదించి, పట్టిక పరిశీలించి తీసుకోవడం క్రీడాకారుల కర్తవ్యం. పతకం కంఠాన్ని అలంకరిస్తుంది; దానికి విలువనిచ్చేది మాత్రం దానిని గెలిచిన తీరు.