క్షిపణి నమూనాలపై రంగుల భాష

కొండను అద్దంలో చూపినట్లు, బృహత్తరమైన యుద్ధ విమానాన్ని జానెడు ప్లాస్టిక్ బొమ్మలో చూపడం ఒక కళ. పదిహేను మీటర్ల ఎఫ్-16 విమానం 1/72 నిష్పత్తిలో ఇరవై ఒక్క సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. విదేశాలలో పెరుగుతున్న మన పిల్లలలోనూ ఈ అభిరుచి గలవారున్నారు. సెలవు రోజుల్లో భోజనాల బల్లపై పాత వార్తాపత్రిక పరచి, వారాల తరబడి విమానం రెక్కలకు, తోకకు, చోదకుని ఆసనానికి ఎంతో ఓర్పుతో రంగులు వేస్తారు. తీరా రెక్కల కింద తగిలించే క్షిపణుల దగ్గరకు వచ్చేసరికి ఆ ఓర్పు సన్నగిల్లుతుంది. ఒక్కసారి తెల్లరంగు పూసి, కంటికి ఇంపుగా తోచిన చోట నాలుగు పట్టీలు చుట్టి, పని అయిందనిపిస్తారు.

అయితే క్షిపణిపై ఉండే రంగు పట్టీలు అలంకారాలు కావు. అవి దానిని మోసేవారికీ, బిగించేవారికీ, ప్రమాదవశాత్తు మంటలు చెలరేగితే ఆర్పవలసినవారికీ ఉద్దేశించిన హెచ్చరికలు. వాటి అర్థం తెలియక వేసిన రంగు, నమూనా చేత అబద్ధం చెప్పిస్తుంది.

పట్టీల అర్థం

అమెరికా సైన్యం మందుగుండు సామగ్రికి రంగులను ‘మిల్-ఎస్‌టీడీ-709’ అనే ప్రమాణపత్రం ద్వారా నిర్ణయించింది. దాని ప్రకారం పసుపు రంగు తీవ్ర విస్ఫోటక పదార్థానికి గుర్తు. గోధుమ రంగు మంద విస్ఫోటకానికి, అంటే రాకెట్ ఇంధనం వంటి వాటికి గుర్తు. నీలం శిక్షణకు వాడే సామగ్రికి గుర్తు.

పసుపు, గోధుమ రంగుల భేదం వెనుక రసాయన శాస్త్రం ఉన్నది. తీవ్ర విస్ఫోటకంలో రసాయన చర్య ఆ పదార్థంలోని ధ్వనివేగాన్ని మించి, సెకనుకు అనేక కిలోమీటర్ల వేగంతో, అఘాత తరంగంగా వ్యాపిస్తుంది. రాకెట్ ఇంధనం అలా పేలదు. ఉపరితలం నుండి పొర తరువాత పొరగా మండుతూ, వేడి వాయువులను వెనుక ద్వారం గుండా వెళ్ళగక్కుతుంది. అగ్ని సోకినప్పుడు మొదటిది పేలి తునాతునకలయ్యే ముప్పు ఉన్నది. రెండవది క్షిపణిని ఉన్నచోటి నుండి కదిలించి తీసుకుపోగలదు. రెండు ప్రమాదాలు వేరు కనుక రెండు రంగులు అవసరమైనాయి.

సైడ్‌వైండర్ అనే ప్రసిద్ధ క్షిపణిని ఉదాహరణగా తీసుకుందాం. కాలిఫోర్నియా ఎడారిలోని చైనా లేక్ నౌకాదళ కేంద్రంలో విలియం మెక్లీన్ బృందం దీనిని రూపొందించింది. 1956లో సేవలో ప్రవేశించింది. ఎర శరీరపు వేడిని గ్రహించి వేటాడే ఒక ఎడారి పాము పేరే దీనికి పెట్టారు. ముక్కున వేడిని పసిగట్టే అన్వేషక భాగం, మధ్యలో విస్ఫోటక భాగం, వెనుక రాకెట్ మోటారు ఉంటాయి. కనుక పసుపు పట్టీ విస్ఫోటక భాగం మీద, గోధుమ పట్టీ మోటారు మీద రావాలి. వాటిని తారుమారు చేస్తే ఇంధనాన్ని విస్ఫోటకమని, విస్ఫోటకాన్ని ఇంధనమని చెప్పినట్లే.

శిక్షణకు వాడే సైడ్‌వైండర్‌లో అన్వేషక భాగం నిజమైనదే. లక్ష్యం చిక్కినప్పుడు వచ్చే ధ్వనిని వినడం విమాన చోదకుడు దానితో అభ్యసిస్తాడు. కాని అందులో విస్ఫోటకమూ ఉండదు, మండే ఇంధనమూ ఉండదు. అందువలన దానికి నీలి పట్టీలు వేస్తారు. ఒకే క్షిపణిపై పసుపు పట్టీని, శిక్షణ గుర్తయిన నీలి పట్టీని పక్కపక్కన వేయడం నమూనాలలో తరచుగా కనిపించే పొరపాటు. పేలుతుందనీ పేలదనీ ఒకే నోట పలికినట్లు ఉంటుందది.

ఏనాటి విమానం? ఎక్కడి విమానం?

కనుక కుంచె పట్టకముందే, ఆ నమూనా ఏ సంవత్సరంలో, ఏ సందర్భంలో ఉన్న విమానాన్ని చూపుతున్నదో నిశ్చయించుకోవాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో పాల్గొన్న ఎఫ్-15కు పసుపు, గోధుమ పట్టీలు సముచితం. శాంతికాలంలో శిక్షణకు ఎగిరే విమానానికి నీలి పట్టీలే ఉచితం. ఆమ్రామ్ అనే రాడార్ క్షిపణి 1991లో సేవలోకి వచ్చింది. దానితో తొలి శత్రు విమానం కూలింది 1992 డిసెంబరు 27న. కనుక 1985 నాటి దళంలోని విమానానికి ఆమ్రామ్ తగిలిస్తే అది కాలదోషం.

దేశం కూడా ముఖ్యమే. అమెరికా పట్టీలను రష్యన్ క్షిపణులకు గుడ్డిగా అంటగట్టరాదు. భారత వాయుసేన సుఖోయ్-30 ఎంకేఐ నమూనాకు కూడా ఇదే నియమం. ఆ విమానం నుండి 2014 మే నెలలో తొలిసారి ప్రయోగించిన అస్త్ర క్షిపణిని హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ సంస్థ తయారుచేస్తున్నది. దాని రంగులకు దాని ఛాయాచిత్రాలే ప్రమాణం. ఒహాయోలోని డేటన్ నగరంలో ఉన్న అమెరికా వాయుసేన మ్యూజియం వంటి చోట్ల పిల్లలకు అసలు క్షిపణులను చూపవచ్చును. కాని ప్రదర్శన వస్తువులకు తరువాతి కాలంలో మళ్ళీ రంగులు వేసి ఉండవచ్చు కనుక, ఆనాటి ఛాయాచిత్రాలతో పోల్చి చూడడం మేలు.

రంగుకు ఒక సంఖ్య

“బూడిద రంగు” అంటే ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క ఛాయ మెదులుతుంది. ఈ చిక్కును తొలగించడానికి అమెరికా ప్రభుత్వం 1956లో ‘ఫెడరల్ స్టాండర్డ్ 595’ అనే వర్ణ పట్టికను వెలువరించింది. 2017లో దాని స్థానంలో ‘ఏఎంఎస్-ఎస్‌టీడీ-595’ వచ్చినా పాత సంఖ్యలే వాడుకలో ఉన్నాయి. ఉదాహరణకు 36375 అనేది ఆమ్రామ్ వంటి క్షిపణుల లేత బూడిద రంగు. మొదటి అంకె 3 మెరుపు లేనిదని చెబుతుంది. రెండవ అంకె 6 బూడిద వర్గమని చెబుతుంది. పట్టీలకు పసుపు 33538, గోధుమ 30117, నీలం 35109. తొలినాటి సైడ్‌వైండర్లు తెల్లనివి, తరువాతివి బూడిద రంగువి.

పని జరిగే క్రమం

అసలు సైడ్‌వైండర్ వ్యాసం 127 మిల్లీమీటర్లు, పొడవు సుమారు మూడు మీటర్లు. 1/48 నిష్పత్తిలో వ్యాసం 2.6, పొడవు 63 మిల్లీమీటర్లు అవుతాయి. అసలు పట్టీ వెడల్పు 50 మిల్లీమీటర్లు అనుకుంటే నమూనాపై ఒక్క మిల్లీమీటరు మాత్రమే. ఇంత సన్నని గీతను కుంచెతో దిద్దడం దుస్సాధ్యం. కనుక పనిని తలకిందులు చేయాలి.

ముందుగా పట్టీ రావలసిన చోట వెడల్పుగా తెలుపు, దానిపై పసుపు వేయాలి. పసుపు వర్ణకాలలో చాలావాటికి అడుగు రంగును కప్పే శక్తి తక్కువ. తెల్లరంగులోని టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం సుమారు 2.7 కావడం వలన అది కాంతిని బలంగా వెదజల్లి, పసుపును ప్రకాశింపజేస్తుంది. ఆరిన తరువాత ఒక్క మిల్లీమీటరు వెడల్పున కోసిన మాస్కింగ్ టేపును చుట్టాలి. టేపు రెండు కొసలూ సరిగా కలిస్తేనే పట్టీ క్షిపణికి లంబంగా ఉన్నట్లు. ఆపైన మళ్ళీ పలుచగా పసుపు వేస్తే, టేపు అంచు కిందికి కేశనాళికీయత వలన పాకేది పసుపే అవుతుంది, సందు మూసుకుపోతుంది. చివరకు బూడిద రంగు వేసి, టేపు తీస్తే చక్కని పట్టీ మిగులుతుంది. రంగును పిచికారీ చేసేటప్పుడు కిటికీలు తెరచి ఉంచి, ముక్కుకు తగిన రక్షణ కల్పించే బాధ్యత పెద్దలది.

ముక్కు కొనను మాత్రం బూడిద రంగుతో కప్పరాదు. అది అన్వేషక భాగానికి కన్ను వంటిది. తొలి నమూనాలలో దానిని గాజుతో చేశారు. మామూలు గాజు దీర్ఘ పరారుణ కిరణాలను పీల్చుకుంటుంది కనుక, తరువాత వాటిని లోనికి పోనిచ్చే మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను వాడారు. నమూనాపై ముదురు రంగు చుక్క పెట్టి, దానిపై మెరిసే వార్నిష్ వేస్తే ఆ కన్ను తెరుచుకుంటుంది.

సన్నని అక్షరాలకు నీటిలో నానబెట్టి అంటించే డెకాల్‌లు వాడతారు. మెరుపు లేని రంగు ఉపరితలం సూక్ష్మంగా గరుకైనది. డెకాల్ పొర కింద ఆ గుంటలలో గాలి చిక్కుకొని కాంతిని చెదరగొట్టడం వలన వెండి మరకలు కనిపిస్తాయి. అందువలన ముందు మెరిసే వార్నిష్ వేసి, దానిపై డెకాల్ అంటించి, అది ఆరాక మెరుపు లేని వార్నిష్‌తో ముగించాలి.

చూడడానికి ఇదంతా ఒక్క మిల్లీమీటరు పట్టీ కోసం పడే శ్రమ. కాని అసలు క్షిపణి పక్కన నిలబడి పనిచేసేవారికి ఆ పట్టీ ప్రాణంతో ముడిపడిన మాట. పిల్లలు ఆ మాటను చదవడం నేర్చుకుంటే, తమ చేతిలోని వస్తువు ఆటబొమ్మకు మూలమైన మారణాయుధమని కూడా గ్రహిస్తారు. ఏ రంగు వేయాలో తేల్చుకునే ముందు, అసలు క్షిపణి ఎవరి మీద, ఎందుకు ప్రయోగించబడిందని వారు అడిగితే, ఆ ప్రశ్నకు కూడా పెద్దలు జవాబు చెప్పడం న్యాయం.