సరస్సు మీద నడిచి చూసిన గుహలు

2014 ఫిబ్రవరిలో మిన్నియాపోలిస్ నుంచి నాలుగు గంటల పైన డ్రైవ్ చేసి, విస్కాన్సిన్ ఉత్తర కొసన ఉన్న అపోసల్ ఐలండ్స్ మంచు గుహలు చూడబోయాం. మైయర్స్ బీచ్ మెట్లు దిగగానే మా ఆవిడ ఆగిపోయింది. "ఏమండీ, ఇక్కణ్ణుంచి కిందంతా నీళ్ళేగా? పిల్లాడితో దీని మీద నడవాలా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఎదురుగా ఉన్నది సుపీరియర్ సరస్సు. గుహలు ఇంకో మైలు అవతల.

నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడ్డ నీరు పైనే నిలిచి, అక్కడే గడ్డకడుతుంది. మనిషి నడవడానికి 4 అంగుళాల గట్టి, తేటైన గడ్డ ఉండాలంటారు. తెల్లటి గడ్డయితే దానికి రెట్టింపు. అయితే ఇక్కడ అసలు భయం మందంతో కాదు, గాలితో. ఒడ్డుకు అతుక్కున్న పలకను పెద్ద గాలి విరిచి లోపలికి తోసుకుపోగలదు. అందుకే నేషనల్ పార్క్ వాళ్ళు పరీక్షించి సరేనన్నాకే అడుగు పెట్టాలి. ఆ శీతాకాలం సరస్సు దాదాపు 95 శాతం గడ్డకట్టింది. జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా దారి తెరిస్తే సుమారు 1,38,000 మంది వచ్చారు. 2015లో తొమ్మిది రోజులే తెరిచారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దారి మూసే ఉండింది.

సగం దారిలో కాళ్ళ కింద ఎక్కడో ధన్‌మని మోగింది. చలికి పలక ముడుచుకుని బీటలిచ్చే చప్పుడది. ఆ సంగతి తెలిసి కూడా బాబు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

గుహలు ఎర్రటి ఇసుకరాతిని అలలు తొలిచినవి. వేసవిలో పడవలో వెళ్ళి చూస్తారు. చలికాలం రాతి పొరల సందుల్లోంచి ఊరే నీరు బొట్టుబొట్టుగా గడ్డకట్టి మర్రి ఊడల్లా దిగుతుంది. గాలి బుడగలు చిక్కిన చోట తెలుపు, లేని చోట అద్దం, బాగా మందమైతే నీలం.

ఫోటో కోసం బాబును ఆ ఊడల కింద నిలబెట్టాను. ఇంజినీరునైతే ఏం లాభం! పక్కనున్న పెద్దాయనెవరో వెనక్కి రమ్మని చెయ్యి ఊపాడు. బాబు ఇవతలికి వచ్చిన కాసేపటికే ఆ వరసలోనే ఒక ఊడ విరిగిపడింది. మంచుగడ్డ ఘనపుటడుగు 57 పౌండ్లు తూగుతుందని ఇంటికొచ్చాక లెక్క చూసుకున్నాను. మీరు వెళ్తే బూట్లకు ముళ్ళ పట్టీలు తగిలించుకోండి, ఊడలకు దూరంగా నిలబడండి.

ఆ ఫోటో బాగానే వచ్చింది. మా ఆవిడ మాత్రం గోడకు తగిలించనివ్వలేదు.