మార్జాల శుశ్రూష

నాగార్జునసాగరం ఎడమ కాలువ నీరు పారినప్పటి నుండి మా నేరేడుచర్ల ప్రాంతం వరిమాగాణమైపోయింది. వరి ఉన్నచోట బస్తాలు, బస్తాలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు. ఈ పరంపరను అనుసరించియే మా ఇంటికిన్నీ ఒక బూడిదరంగు పిల్లి, ఎవరూ పిలువకుండానే వచ్చి చేరింది. ఏడాదిన్నర కాలంలో మూడుమార్లు ఈని పదకొండు పిల్లలను కన్నది. నాలుగింటిని బంధువులు తీసుకొనిపోయారు. మిగిలినవాటిలో కొన్ని కుక్కల పాలైనవి. కొన్ని మిర్యాలగూడ రోడ్డు మీద లారీల క్రింద పడిపోయినవి. నాలుగవమారు ఆ దృశ్యం చూడలేమని మా ఇంటావిడ ఖండితంగా చెప్పింది.

పిల్లి తొమ్మిది వారాలకు ఈనుతుంది. పిల్లలు పాలు విడువకముందే మళ్ళీ చూలు కట్టగలదు. కాబట్టి అండాశయాలనూ గర్భాశయాన్నీ తొలగించే శస్త్రచికిత్స ఒక్కటే మార్గమని పశువైద్యులు చెప్పారు. ఆ శస్త్రచికిత్సను గూర్చి నేను వ్రాయబోవడం లేదు. అది వారి విద్య. వైద్యుడు కత్తి పట్టేది కొద్ది సేపు. తరువాతి పదునాలుగు దినాలూ ఇంటివారివి. ఆ దినాలను గూర్చియే నేను చెప్పదలచినది. ఎందుకంటే అందులో నేను తప్పినాను.

మొదటి రాత్రి సంగతి త్వరగా చెబుతాను. మత్తు వదలని పిల్లి కళ్ళు తెరచుకొనియే పడి ఉంటుంది, తూలుతుంది, వణుకుతుంది. గాలి తగలని గదిలో, ఎత్తైన బల్లలూ మంచాలూ లేనిచోట, మెత్తని గుడ్డ పరచి వెచ్చగా ఉంచవలె. నిలకడగా నడిచిన తరువాతనే కొంచెం నీరు, కొంచెం మేత. మలమూత్రాలకు ఇసుక పోసిన తట్టకు బదులు పాత వార్తాపత్రికలను చింపి వేయవలె. ఇసుక రేణువులు గాయానికి అంటుకొంటవి. మా ఇంట ఆదివారపు అనుబంధాలు కూడా ఈ విధంగా సద్వినియోగమైనవని ఒప్పుకొనక తప్పదు.

కుట్టు మన దేశానికి కొత్త విద్య కాదు. సుశ్రుతుడు శస్త్రకర్మలను ఎనిమిదిగా విభజించి, అందులో ‘సీవ్యం’ అనే పేర కుట్టు వేయడాన్ని చేర్చినాడు. కుట్టులో రకాలను కూడా పేర్లతో వివరించినాడు. ఇంకొక సంగతి మా విద్యార్థులకు ఇష్టంగా ఉంటుంది. శస్త్రచికిత్సలో లోపలి పొరలకు చిరకాలం వాడిన దారం పేరు ‘క్యాట్‌గట్’. మాటకు మాట తెనిగిస్తే ‘పిల్లి పేగు’ అవుతుంది గాని, అందులో పిల్లి లేనే లేదు. గొఱ్ఱెల పేగుల నుండీ పశువుల పేగుల నుండీ తీసిన నార అది. పేరును నమ్మి అర్థం చెప్పరాదని తరగతిలో నేను ఇచ్చే ఉదాహరణలలో ఇప్పుడు ఇది ఒకటి.

లోపలి కుట్లు వాటంతట అవే కరిగిపోతవి. బయటి కుట్లుంటే పది నుండి పదునాలుగు దినాలకు వైద్యుడు విప్పుతాడు. పైకి చర్మం అతుక్కొన్నట్లు కనబడినా, అప్పటికి దానికి వచ్చే బలం స్వల్పమే. అందుకే దుముకుడూ పరుగూ పనికిరావు. స్నానం అసలే కూడదు. గాయాన్ని ఉదయం ఒకమారు, సాయంకాలం ఒకమారు మంచి వెలుతురులో చూడవలె. మొదటి రెండు మూడు దినాలు అంచులు కొంచెం ఎఱ్ఱబడడం, కుట్టు క్రింద చిక్కుడు గింజంత గట్టిగా తగలడం సహజం. చీము, దుర్గంధం, అంచులు విడివడడం, రక్తం కారుతూనే ఉండడం, ఒక దినమంతా మేత ముట్టకపోవడం సహజాలు కావు. కుట్టు చోట మెత్తని ఉబ్బు కనబడి, అది పెరుగుతూ ఉంటే లోపలి పొర తెగినదేమో చూపించుకోవలె. పేగు గాని కొవ్వు గాని బయటపడితే దానిని లోపలికి నెట్టరాదు. తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి ఆ క్షణమే బయలుదేరవలె. అన్నట్లు, పిల్లి ఒంటి వేడి నూటరెండు డిగ్రీలున్నా అది జ్వరం కాదు, దాని సహజోష్ణమే.

మా పొరుగింటి అవ్వ మూడవనాడు వచ్చి చూసి, “జర పసుపు అద్దుండ్రి సారూ, రెండొద్దులల్ల మానుతది” అన్నది. పసుపు మీద నాకు గౌరవం లేకపోలేదు. కాని శుభ్రంగా కోసి, శుభ్రంగా కుట్టిన గాయానికి మనం పూయవలసినది ఏమీ లేదు. పొడి సందులలో చేరుతుంది. నూనె తడి నిలుపుతుంది. పూసినదంతా పిల్లి నాకుతుంది. డెట్టాలు, ఫినాయిలు దానికి విషప్రాయాలు. అన్నిటికంటె భయంకరమైనది మన ప్రతి ఇంటా ఉండే పారాసెటమాలు. దానిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి మిక్కిలి తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది, చిగుళ్ళు గోధుమవన్నెకు తిరుగుతవి. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. పాపం నొప్పిగా ఉన్నదేమోనని పిల్లలు పాలలో కలిపి పోసేది దీనినే గనుక, ఉపాధ్యాయ మిత్రులు ఈ ఒక్క మాట తరగతిలో చెప్పవలెనని కోరుతున్నాను. నొప్పికి మందు వైద్యుడు ఇచ్చినదే, ఇచ్చిన మోతాదే.

ఇక నా తప్పు. పిల్లి నాలుక ఆకురాయి వంటిది. దాని మీద వెనుకకు వంగిన సన్నని ముండ్లుంటవి. నాకితే గాయం మానుతుందని లోకంలో ఒక నమ్మకం ఉన్నది గాని, ఆ నాలుక కుట్లను ఊడలాగుతుంది, నోటిలోని సూక్ష్మజీవులను గాయానికి చేరుస్తుంది. అందుకే మెడకు బాకా వంటి కాలరు తొడుగుతారు. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ కాలపు (1558–1603) దొరసానులు మెడచుట్టూ ధరించిన కుచ్చుల పట్టీని పోలినది కాబట్టి దానికి ఎలిజబెత్ కాలరని పేరు. అంచు ముక్కుకొనను దాటి ఉండవలె. మెడకూ పట్టీకీ నడుమ రెండు వేళ్ళు దూరవలె.

మా పిల్లి ఆ కాలరుతో గిన్నెలకు తగిలి, గుమ్మానికి తగిలి, వెనుకకు వెనుకకు నడిచి, మూలనొదిగి నన్ను చూసింది. నాలుగవ రాత్రి ఆ చూపుకు నేను ఓడిపోయినాను. ఒక్క గంట విడుద్దామని కాలరు తీసి, ఎదురుగా కూర్చుండి జవాబు పత్రాలు దిద్దుతూ నిద్రపోయినాను. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి రెండు కుట్లు లేవు. గోరంత మేర చర్మం విడివడి లోపలి ఎఱ్ఱదనం కనబడుతున్నది. పిల్లి ఏమీ ఎరుగనట్లు ఇంకా నాకుతూనే ఉన్నది. మా ఇంటావిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

చిల్లుల బుట్టలో పెట్టుకొని వైద్యుని దగ్గరకు పరుగెత్తాము. లోపలి పొర చెదరలేదు. ఆయన గాయం కడిగి, మళ్ళీ కుట్టి, మందు వ్రాసి, “ఇవాళ్టి నుంచి మళ్ళీ ఒకటి అని లెక్క పెట్టుకోండి సారూ” అన్నారు. గోడ మీది క్యాలెండరులో నేను కొట్టివేసిన నాలుగు గళ్ళు వ్యర్థమైనవి.

తరువాతి రాత్రులు వంతులు వేసుకొన్నాము. మేత గిన్నెను పీట మీద ఎత్తుగా పెడితే కాలరుతోనే తినగలదని మా ఆవిడ కనిపెట్టింది. అది నాకు నాలుగు దినాల ముందు తోచి ఉంటే ఈ వ్యాసానికి అవసరమే లేకపోయేది. పట్టుకొనేటప్పుడు ఒకమారు నా ముంజేతిని గీరింది. అటువంటప్పుడు సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, వైద్యుని చూడవలె. నేనూ అలాగే చేసి సూదులు వేయించుకొన్నాను.

పదునాలుగవనాడు కుట్లు విప్పారు, కాలరు తీసివేశాము. పిల్లి నేరుగా వసారాలోని ధాన్యపు బస్తాల మీదికెక్కి, వెంట్రుకలు మొలుస్తున్న ఆ చోటును చాలాసేపు నాకుతూ కూర్చున్నది. ఈమారు ఎవరమూ అడ్డు చెప్పలేదు.