మొదటి కాఫీ ఎక్కడ తాగాలి?

అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. అమ్మాయిది హిందూపురం. జాతకాలు కుదిరాయి, ఫొటోలు అటూ ఇటూ వెళ్లాయి. ‘ఇంట్లో పెళ్లిచూపులు పెట్టేముందు ఒక్కసారి బయట కలుసుకుని మాట్లాడుకుంటాం’ అన్నారు పిల్లలు. పెద్దలూ సరేనన్నారు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది... ఎక్కడ?

బెంగళూరులో అయితే ఇదో ప్రశ్నే కాదు. కాఫీ షాపులున్నాయి, మాల్స్ ఉన్నాయి, పబ్బులూ ఉన్నాయి. ఎవరు ఎవరితో కూర్చున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలోని హిందూపురంలో లెక్క వేరు. బార్ మాట తలపెట్టే పనే లేదు. ఇక మిగిలింది హోటల్. సర్వర్ నాన్నకు తెలిసినవాడు, పక్క టేబుల్లో చిన్నప్పటి మాస్టారు, కౌంటర్ దగ్గర పిన్నమ్మవాళ్ల ఎదురింటాయన! సంబంధం కుదిరితే ఫరవాలేదు. కుదరకపోతే ‘ఆ పాప ఎవరితోనో దోసె తింటా కనిపించింది’ అన్న మాట తర్వాతి సంబంధం దాకా ఆమె వెంటే నడుస్తుంది. అబ్బాయికి ఆ బెంగ లేదు, సాయంత్రం రైలెక్కేస్తాడు. కాబట్టి చోటు చెప్పాల్సింది అమ్మాయే.

అలాగని ఇంట్లో చూపులే సుఖమా అంటే అదీ కాదు. రెండు కార్లలో మనుషులు దిగుతారు. ఓళిగలు, కారాలు, కాఫీలు. అంత హడావుడి జరిగాక ‘నాకు నచ్చలేదు’ అనడానికి ఆడపిల్లకు నోరు రాదు. రెండు కాఫీల దగ్గర ఆ మాట అనడం తేలిక.

గుడికెళితే కాదనేదెవరు?

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. గుడికి వెళ్లొస్తామంటే ఏ ఇంట్లోనూ అడ్డు చెప్పరు. పర్యాటకులు వస్తూపోతూ ఉంటారు కాబట్టి ఇద్దరు కొత్తవాళ్లు ప్రత్యేకంగా కనిపించరు. మాటలు దొరక్కపోతే వేలాడే స్తంభం ఉండనే ఉంది. దాని కిందనుంచి గుడ్డముక్క ఒకవైపు తోసి ఇంకోవైపు లాగేలోపు కాస్త బెరుకు పోతుంది. ఊరి మొదట్లో సుమారు 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది చుట్టూ తోట ఉంది, అక్కడ నింపాదిగా నడవచ్చు. ఒక్కటే తిరకాసు. శివపార్వతుల కల్యాణ మండపం సగంలో ఆగిపోయి ఉంటుంది. అచ్యుతరాయల కాలంలో కోశాధికారి విరూపణ్ణ ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడనీ, రాజు శిక్షకు ముందే తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడనీ స్థలపురాణం. పట్టింపున్న మేనత్త ఎవరైనా వెంట వస్తే ‘పోయి పోయి ఇక్కడికా’ అనకుండా ఉండదు.

పెనుకొండకు వెళితే గగన్ మహల్, కొండమీద కోట, లోపలికి నడిచి వెళ్లగలిగేంత పెద్ద కుంభకర్ణుడి బొమ్మ. ఎండాకాలం మాత్రం కొండ జోలికి పోవద్దు, చెమటలు కక్కుతూ ఏం మాట్లాడతారు! దగ్గర్లోని ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక హైవే పక్కన కొరియా భాష బోర్డులు కూడా వెలిశాయి. ఊరివాళ్ల కళ్లు తక్కువగా పడేది ఆ రోడ్డు మీదే.

ధర్మవరంలో చీరల వంక ఉంది. ఒక పిన్నమ్మను తోడు తీసుకుని పట్టుచీరల కొట్లో తెల్ల పరుపు మీద కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదు. షాపాయన ముప్పై చీరలు విప్పుతాడు, మాట్లాడుకునే వీలు మాత్రం దొరకదు. అయితే అబ్బాయి ఎలాంటివాడో కొంత తెలుస్తుంది. ధర వినగానే మొహం ఎలా పెట్టాడు, ఇన్ని విప్పించి ఒక్కటీ కొనకుండా లేవాల్సి వస్తే షాపాయనతో ఏమన్నాడు, గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని రోజులతరబడి నేసినవాడి కష్టం గురించి ఒక్కమాటైనా అడిగాడా? లేపాక్షి కప్పు మీది చిత్రాల్లో కనిపించే అంచుల గురించి అమ్మాయి చెబితే విన్నాడా, ఫోన్ చూసుకున్నాడా?

హోటలే కావాలనుకుంటే పొద్దున పదకొండు మంచి వేళ. టిఫిన్ల రద్దీ తగ్గి, భోజనాలు ఇంకా మొదలుకావు. ఫ్యామిలీ రూమ్ ఫరవాలేదు, పరదాలు దించిన క్యాబిన్ మాత్రం వద్దు. నలుగురికీ కనిపించే టేబులే ధైర్యం. ఎవరి బండిమీద వాళ్లు రావాలి, ఎక్కడున్నదీ ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. రెండు కాఫీలు, ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ చాలు. నచ్చకపోతే పది నిమిషాల్లో లేవొచ్చు. రాగిసంగటి, నాటుకోడి పులుసు రెండోసారికి దాచుకోవాలి. చేతినిండా పులుసుతో జీతాలూ ఉద్యోగాలూ ఏం మాట్లాడతారు! ‘పెళ్లయ్యాక నేను ఉద్యోగం మానను’ అన్న మాట మొదటి కాఫీ చల్లారేలోపే వచ్చేస్తే మంచిది. బిల్లు సగం సగం ఇస్తానని అమ్మాయి అంటే అబ్బాయి నొచ్చుకోనక్కర్లేదు.

లేచేముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. వద్దనుకుంటే ఇంట్లో ఎవరు చెప్పాలి? అమ్మాయి వద్దంటే ‘ఎందుకట’ అని పది ప్రశ్నలు లేస్తాయి. అందుకని ఆ భారం అబ్బాయి తీసుకోవడం మర్యాద. ‘ఇంకో సిద్ధాంతికి చూపించాం, జాతకాలు కలవలేదట’ అంటే చాలు. హిందూపురంలో ఆ సాకు ఇప్పటికీ చెల్లుతుంది.