ముంపు వరి నేలల పరిశోధనలో ఆక్సిజన్ రహిత ప్రయోగశాల పరికరాలు – ఎంపిక, వినియోగం, జాగ్రత్తలు

మురుగు నీరు పోయే సౌకర్యం లేని వరి మడిలో అడుగు వేస్తే నీటిలో నుండి గాలి బుడగలు పైకి వస్తాయి. దుబ్బును పీకి చూస్తే వేర్లు నల్లబడి, కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తుంది. ఇవి సల్ఫైడ్ దుష్ప్రభావానికి గుర్తులని విస్తరణ శాస్త్రవేత్తలందరికీ తెలిసిన విషయమే. అయితే అదే మడి నుండి తీసిన మట్టిని అలవాటు ప్రకారం నీడలో ఆరబెట్టి, దంచి, 2 మి.మీ. జల్లెడతో జల్లించి పరీక్షిస్తే సల్ఫైడ్ జాడ దాదాపుగా కనిపించదు. ఆరబెట్టిన రోజుల్లోనే గాలిలోని ఆక్సిజన్ దానిని మార్చివేస్తుంది. పరీక్షా ఫలితం వచ్చినప్పటికీ, అది వేరు చుట్టూ ఉన్న నేల స్థితిని తెలుపదు.

ముంపు నేలలపై జరిగే ప్రతి పరిశోధనకూ ఈ ఇబ్బంది ఉంది. జింకు లోపం, ఇనుము విషప్రభావం, మిథేన్ విడుదల, ఆరుతడి పద్ధతి వంటి అంశాలపై రైతుకు ఇచ్చే సిఫారసు సరైనది కావాలంటే, నమూనా పొలం నుండి పరికరం వరకు గాలి సోకకుండా చేరాలి. అందుకు ఉపయోగపడే పరికరాలు, వాటి పరిమితులు, ఏ ప్రశ్నకు ఏ పరికరం చాలుతుందన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ముంపు నేలలో జరిగే మార్పులు

ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలితో సంతృప్తమైన లీటరు నీటిలో ఉండే ఆక్సిజన్ సుమారు 7.5 మి.గ్రా. మాత్రమే. అందువల్ల మడికి నీరు పెట్టిన తరువాత నేల పైభాగాన కొద్ది మిల్లీమీటర్ల పొర, వేర్ల చుట్టూ ఉన్న సన్నని పొర తప్ప మిగిలిన నేలంతా ఆక్సిజన్ రహితమవుతుంది. అప్పుడు సూక్ష్మజీవులు శ్వాసక్రియకు ఆక్సిజన్‌కు బదులుగా వరుసగా నైట్రేట్, మాంగనీసు, ఫెర్రిక్ ఇనుము, సల్ఫేట్‌లను వాడుకొని, చివరి దశలో మిథేన్‌ను ఉత్పత్తి చేస్తాయి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు చెందిన పొన్నంపెరుమ 1972లో ప్రచురించిన సమీక్షా వ్యాసం ఈ రసాయన క్రమాన్ని సమగ్రంగా వివరించింది.

పి.హెచ్. 7 వద్ద ఇనుము క్షయకరణ సుమారు +120 మి.వో., సల్ఫేట్ క్షయకరణ సుమారు −150 మి.వో., మిథేన్ ఉత్పత్తి సుమారు −250 మి.వో. రెడాక్స్ పొటెన్షియల్ వద్ద మొదలవుతాయి. ఈ విలువలు నేలను బట్టి కొంత మారినా, క్రమం మాత్రం సాధారణంగా ఇదే. ప్రయోగశాల పరికరం చేయవలసిన పని ఈ క్రమాన్ని చెదరనివ్వకుండా కాపాడటమే.

ఒక మిల్లీలీటరు గాలితో కలిగే నష్టం

గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. ఆ లెక్కన ఒక మి.లీ. గాలిలో ఉండే ఆక్సిజన్ సుమారు 8.5 మైక్రోమోల్‌లు. ఒక ఆక్సిజన్ అణువు నాలుగు ఫెర్రస్ అయాన్లను ఆక్సీకరిస్తుంది. అంటే ఒక మి.లీ. గాలి దాదాపు 1.9 మి.గ్రా. ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్ రూపంలోకి మార్చగలదు. ఉదాహరణకు లీటరుకు 50 మి.గ్రా. ఫెర్రస్ ఇనుము ఉన్న నేల ద్రావణాన్ని 10 మి.లీ. సేకరిస్తే అందులోని మొత్తం ఇనుము 0.5 మి.గ్రా. మాత్రమే. సీసా మూత కింద మిగిలిపోయిన ఒక మి.లీ. గాలికి దానికి దాదాపు నాలుగు రెట్ల ఇనుమును ఆక్సీకరించే శక్తి ఉంటుంది.

నష్టం ఇనుముతో ఆగదు. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌గా అవక్షేపించే ఇనుము ద్రావణంలోని భాస్వరాన్ని, జింకును తన ఉపరితలంపై పట్టుకుంటుంది. గోధుమ రంగు మడ్డి దిగిన సీసాలోని ద్రావణాన్ని వడపోసి భాస్వరం కొలిస్తే, పొలంలో పైరుకు అందుబాటులో ఉన్న దానికంటే తక్కువ విలువ వస్తుంది. తటస్థ పి.హెచ్. వద్ద ఈ మార్పుకు కొద్ది నిమిషాలు చాలు. ఆమ్ల స్థితిలో మాత్రం ఇది చాలా నెమ్మదిగా జరుగుతుంది. నమూనా పరిరక్షణకు ఈ గుణమే ఆధారం.

పొలంలో నమూనా సేకరణ

ఆక్సిజన్ రహిత పరిశోధనలో మొదటి పరికరం పొలంలో వాడే గొట్టం. అంచు పదును పెట్టిన యాక్రిలిక్ లేదా పి.వి.సి. గొట్టాన్ని నేలలోకి నిటారుగా దించి, పైభాగాన్ని మడి నీటితో నింపి, గాలి ఖాళీ మిగలకుండా రెండు వైపులా రబ్బరు బిరడాలు బిగించాలి. గొట్టాన్ని మంచు పెట్టెలో నిటారుగా ఉంచి అదే రోజు ప్రయోగశాలకు చేర్చాలి. చల్లదనం సూక్ష్మజీవుల చర్యను నెమ్మదింపజేస్తుంది కానీ పూర్తిగా ఆపదు.

నేల ద్రావణం మాత్రమే కావలసినప్పుడు, సన్నని రంధ్రాలున్న పాలిమర్ గొట్టాలను నాట్లకు ముందే కావలసిన లోతులో అమర్చుకోవచ్చు. ముందుగా గాలి తీసివేసి, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసిన మూసిన గాజు గొట్టంలోకి సూది ద్వారా ద్రావణాన్ని లాగితే, ఇనుము ఆక్సీకరణ అక్కడే ఆగుతుంది. అయితే ఆమ్లం తగిలిన సల్ఫైడ్ వాయువుగా మారి తప్పించుకుంటుంది. కాబట్టి సల్ఫైడ్ కోసం జింక్ ఎసిటేట్ ద్రావణం ఉన్న వేరే గొట్టాన్ని వాడాలి. ఒకే నమూనాతో రెండు పరీక్షలూ చేయాలనుకోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

సీరం సీసాలు, అవాయు జాడీలు

ఆక్సిజన్ సోకని సూక్ష్మజీవుల వర్ధన పద్ధతికి పశువుల మొదటి పొట్టపై జరిగిన పరిశోధనలే పునాది. రాబర్ట్ హంగేట్ 1950లో వివరించిన పద్ధతిలో ఆక్సిజన్ లేని వాయువును గొట్టంలోకి నిరంతరం వదులుతూ, మరిగించిన మాధ్యమాన్ని నింపి బిరడా బిగిస్తారు. ఆ వాయువును వేడి రాగి తునకల మీదుగా పంపి, అందులో మిగిలిన ఆక్సిజన్‌ను కూడా తొలగిస్తారు. 1976లో బాల్చ్, వోల్ఫ్ మందమైన బిరడా, అల్యూమినియం మూత ఉన్న గొట్టాలను ప్రవేశపెట్టి, మిథేన్ ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులను ఒత్తిడిలో పెంచే వీలు కల్పించారు.

నేటికీ జిల్లా స్థాయి పరిశోధన స్థానానికి అన్నింటికంటే ఉపయోగకరమైనవి ఈ సీరం సీసాలే. మట్టిని, నీటిని నింపి, బిరడా బిగించి, రెండు సూదుల ద్వారా నత్రజనిని పంపి లోపలి గాలిని తొలగించవచ్చు. తరువాత సిరంజితో వాయు నమూనా తీసి గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో మిథేన్‌ను కొలవవచ్చు. బిరడా బ్యూటైల్ రబ్బరుతో చేసినదై ఉండాలి. సిలికోన్ బిరడా చూడటానికి గట్టిగా ఉన్నా ఆక్సిజన్‌ను సులభంగా లోనికి రానిస్తుంది. ఒకే చోట పలుమార్లు సూది గుచ్చిన బిరడాను తిరిగి వాడరాదు.

పెట్రి పళ్ళేలలో పెంచే వర్ధనాలకు అవాయు జాడీ చాలుతుంది. 1916లో మెకింటోష్, ఫిల్డెస్ రూపొందించిన జాడీలో పల్లేడియం ఉత్ప్రేరకంగా పనిచేసి, హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి నీరుగా మారుస్తుంది. నేటి జాడీలలో చాలా వాటికి ఇదే సూత్రం ఆధారం. అయితే మూత తెరిచిన ప్రతిసారీ లోపలి స్థితి మొదటికి వస్తుంది.

మాధ్యమంలో కలిపే రిసజూరిన్ సూచకం ఆక్సిజన్ ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉండి, సుమారు −51 మి.వో. కంటే తక్కువ స్థితిలో రంగు కోల్పోతుంది. మిథేన్ ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులకు దాదాపు −300 మి.వో. స్థితి అవసరం. కాబట్టి రంగు పోవడం ఆక్సిజన్ లేదనడానికి గుర్తే గాని, మిథేన్ దశ వచ్చిందనడానికి ఆధారం కాదు. ఆ స్థితిని చేరడానికి సిస్టీన్, సోడియం సల్ఫైడ్ వంటి క్షయకారిణులను మాధ్యమానికి కలుపుతారు.

గ్లవ్ బాక్సు

మట్టిని తూచడం, వేర్లను విడదీయడం, సూక్ష్మజీవుల సమూహాలను ఏరడం వంటి చేతిపనులకు గ్లవ్ బాక్సు అవసరం. మెత్తని ప్లాస్టిక్ గుడారం వంటి ఈ పెట్టెను, దాని చేతి తొడుగులతో, మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1969లో సూక్ష్మజీవుల పనికి అనువుగా వివరించారు. ఇందులో సాధారణంగా నత్రజనితో పాటు 5 శాతం వరకు హైడ్రోజన్ ఉంటుంది. లోనికి చొరబడే ఆక్సిజన్‌ను పల్లేడియం వద్ద ఈ హైడ్రోజన్ తొలగిస్తుంది. ఒక పాలు ఆక్సిజన్‌కు రెండు పాళ్ళ హైడ్రోజన్ ఖర్చవుతుంది కాబట్టి హైడ్రోజన్ శాతాన్ని రోజూ చూడాలి.

వస్తువులను లోనికి పంపే మధ్య గదిలో ప్రతిసారీ పదింట తొమ్మిది వంతుల గాలిని తీసి నత్రజనితో నింపితే, ఆక్సిజన్ 21 శాతం నుండి 2.1, 0.21, 0.021 శాతానికి తగ్గుతుంది. మూడు ఆవృతాల తరువాత కూడా పది లక్షల భాగాలకు 210 భాగాల ఆక్సిజన్ మిగులుతుంది. అందువల్ల చివరి ఆవృతంలో హైడ్రోజన్ మిశ్రమాన్ని వాడి, మిగిలిన దానిని పల్లేడియంకు వదిలివేస్తారు. పళ్ళేలు, పత్తి, అట్టపెట్టెలు తమలో గాలిని దాచుకుంటాయి. వాటిని ముందు రోజే లోపల ఉంచాలి.

వరి నేలలతో పనిచేసేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, నేల నుండి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ పల్లేడియంను నిర్వీర్యం చేస్తుంది. ఉత్ప్రేరకాన్ని 160 డిగ్రీల వద్ద సుమారు 2 గంటలు వేడిచేస్తే తేమ పోయి చాలావరకు కోలుకుంటుంది. అయినా సల్ఫైడ్‌ను పీల్చుకునే పదార్థాన్ని పెట్టెలో ఉంచడం మేలు. రెండవది మరింత ముఖ్యమైనది. మిథేన్ ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులకు హైడ్రోజన్ ఆహారం. మూత లేని మట్టిని గ్లవ్ బాక్సులోనే రోజుల తరబడి ఉంచి మిథేన్ కొలిస్తే, పొలంలో లేని హైడ్రోజన్ వల్ల వచ్చిన మిథేన్ కూడా లెక్కలో చేరుతుంది. ఇలాంటి ప్రయోగాల్లో పెట్టెను సీసాలు నింపడానికే వాడి, బిరడా బిగించిన వెంటనే శుద్ధ నత్రజనితో లోపలి వాయువును మార్చాలి.

రెడాక్స్ కొలతలో జాగ్రత్తలు

రెడాక్స్ పొటెన్షియల్‌ను ప్లాటినం ఎలక్ట్రోడ్‌తో, వెండి–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి కొలుస్తారు. ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ ఆధారంగా చెప్పడానికి మీటరు చూపిన విలువకు సుమారు 200 మి.వో. కలపాలి. మీటరు −150 అని చూపితే అసలు విలువ సుమారు +50 మి.వో. అంటే ఆ నేల ఇనుము దశలో ఉంది, సల్ఫేట్ దశకు చేరలేదు. సవరణ మరచిన నివేదిక ఆ పొలానికి లేని సల్ఫైడ్ సమస్యను అంటగడుతుంది.

ప్రతి ఎలక్ట్రోడ్‌ను సుమారు +430 మి.వో. విలువ గల జోబెల్ ద్రావణంలో పరీక్షించాలి. నేలలో ఒక చోటికీ మరో చోటికీ తేడా ఎక్కువ కాబట్టి ఒకే లోతులో కనీసం మూడు నాలుగు ఎలక్ట్రోడ్లు అమర్చాలి. ఆరుతడి పద్ధతిలో రంధ్రాల గొట్టంలో నీటిమట్టం నేల ఉపరితలం నుండి 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు తిరిగి నీరు పెడతారు. నేలపై నెర్రెలు కనిపించినా వేరు మండలం నిజంగా ఆక్సీకరణ స్థితికి వచ్చిందా లేదా అన్నది ఈ కొలతల వల్లనే తెలుస్తుంది.

మొక్కల పరిశోధనకు

మొక్కల విషయంలో ఆక్సిజన్ పూర్తిగా లేని స్థితికీ, తక్కువగా ఉన్న స్థితికీ తేడా పాటించాలి. ఆక్సిజన్ లేనప్పుడు వరి గింజ నుండి మొలక తొడుగు పొడవుగా సాగుతుంది గాని వేరు పెరగదు. నేరుగా విత్తే వరిలో నీరు నిలిచినప్పుడు మొలక శాతం తగ్గడానికి ఇదొక కారణం. ఇలాంటి పరిశీలనలకు ఖరీదైన పెట్టె అవసరం లేదు. నత్రజని పంపి ఆక్సిజన్ తొలగించిన పోషక ద్రావణంలో 0.1 శాతం అగర్ కలిపితే ద్రావణం కదలక, ముంపు నేలలోని నిశ్చల స్థితిని పోలి ఉంటుంది. ఆక్సిజన్‌ను 1 నుండి 5 శాతం మధ్య నిలకడగా ఉంచవలసిన ప్రయోగాలకు మాత్రమే సెన్సారుతో నడిచే వాయు నియంత్రణ గది కావాలి.

భద్రత

నత్రజని విషవాయువు కాదు. కానీ మూసిన గదిలో లీకైతే ఆక్సిజన్‌ను తరిమి, ఏ హెచ్చరికా లేకుండా మనిషిని స్పృహ తప్పిస్తుంది. సిలిండర్లను గొలుసుతో కట్టి, గాలి ఆడే గదిలో ఉంచి, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే మోగే అలారం అమర్చాలి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే మండే ప్రమాదముంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగినప్పుడు ముక్కు వాసన గుర్తించే శక్తిని కోల్పోతుంది. కాబట్టి వాసన తగ్గడాన్ని ప్రమాదం తగ్గినట్లుగా భావించరాదు.

ముగింపు

పరికరం ఎంపిక ప్రశ్నను బట్టి ఉండాలి. ఇనుము, భాస్వరం, సల్ఫైడ్ అంచనాకు నమూనా గొట్టాలు, సిరంజిలు, సరైన పరిరక్షక ద్రావణాలు చాలుతాయి. మిథేన్ ఉత్పత్తి సామర్థ్యానికి సీరం సీసాలు, నత్రజని సిలిండరు, గ్యాస్ క్రోమటోగ్రాఫ్ కావాలి. సూక్ష్మజీవులను వేరుచేసి అధ్యయనం చేసేవారికే గ్లవ్ బాక్సు తప్పనిసరి. పొలం గట్టున గాలి తగిలిన మట్టిని ఎంత ఖరీదైన పెట్టెలో పెట్టినా అది పూర్వస్థితికి రాదు. అందువల్ల విస్తరణ శాస్త్రవేత్తలు నమూనా సేకరించిన సమయం, లోతు, మడిలో నీటి మట్టం, పరిరక్షణ విధానాన్ని సీసాపై రాసి పంపాలి. ఆ వివరాలు లేని నమూనా ఫలితాన్ని రైతుకు ఇచ్చే సిఫారసుకు ఆధారంగా తీసుకోరాదు.